సీతంపేట సంతలో తెల్లదనపు బేరము

పాలకొండనుండి కొండదారి పట్టి సీతంపేట సంతకు పోవువారికి రెండు విధములైన సరకులు కానవచ్చును. ఒకటి కొండలపైనుండి దిగి వచ్చునది: పసుపు, చింతపండు, కుంకుళ్లు, అనాసపండ్లు, అడ్డాకులు, కొండచీపుళ్లు. రెండవది మైదానమునుండి యెక్కి వచ్చునది: ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, ప్లాస్టిక్ బిందెలు, వానితోపాటు దుకాణముల ముందు దండలవలె వ్రేలాడు చిన్న చిన్న పొట్లములు. ఆ పొట్లములలో షాంపూ యుండును, సబ్బుపొడి యుండును, ముఖమునకు పూసికొను లేపనమును ఉండును. మొదటి తరగతి సరకును కొనువాడు పరీక్షింపక కొనడు. చింతపండును నలిపి చూచును. పసుపుకొమ్మును విరిచి లోని రంగు చూచును. తూకమునందు గీచి గీచి బేరమాడును. లేపనపు పొట్లమును అట్లు విరిచి చూచువారెవరు? దానిపై అచ్చువేసిన బొమ్మయే దానికి సాక్ష్యము, దాని పేరే దానికి హామీ.

అట్టి లేపనములలో నెల్ల పేరు మోసినది ఫెయిర్ అండ్ లవ్లీ. 2020వ సంవత్సరమున దానికి గ్లో అండ్ లవ్లీ యని నామాంతరము కలిగినది. ఈ లేపనమునకున్న కీర్తి చిన్నది కాదు. దాదాపు అర్ధశతాబ్దముగా పట్టణములందును పల్లెలందును ఆడపిల్ల యున్న యింట దాని పేరు వినని వారుండరు. ఆ కీర్తికి ఆ వస్తువు తగునా? కొండపసుపును పరీక్షించినంత శ్రద్ధగా దీనినిగూడ ఒక్కమారు విరిచి చూతము.

అలంకారవస్తువును గూర్చిన చర్చకు ఈ పుటలో చోటేల యని కొందరు నవ్వవచ్చును. సంతలో నేమి కొనబడుచున్నది, ఏమి యమ్మబడుచున్నది యను ప్రశ్న ఈ కొండలలో ఏనాడును స్వల్పవిషయము కాలేదు. అడవి సరకును చౌకగా కొని, ఉప్పును బట్టను ప్రియముగా నమ్మి, అప్పుక్రింద పంటను భూమిని లాగుకొన్న షావుకార్ల తూనికయే 1960 ప్రాంతముల నిచ్చట చెలరేగిన గిరిజన రైతాంగపోరాటమునకు ముఖ్యకారణములలో నొకటి. దళారిని తొలగించి గిరిజనునకు న్యాయమైన ధర కల్పింపవలెనను తలంపుతోనే 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది. ఆనాటి తూనిక సరకును తక్కువ చేసి చూపెడిది. నేటి ప్రకటన మనిషినే తక్కువ చేసి చూపుచున్నది. ఈ రెండవదానికి తనిఖీ యక్కరలేదని యెవరు చెప్పగలరు?

లేపనము పుట్టుక

నాటి హిందూస్థాన్ లీవర్, నేటి హిందూస్థాన్ యూనిలీవర్ కంపెనీ 1971లో ఈ లేపనమునకు పేటెంటు పొందినది. 1975లో దక్షిణదేశమున పరీక్షార్థము విక్రయమునకు పెట్టి, 1978 నాటికి దేశమంతట వ్యాపింపజేసినది. అనగా ఈ లేపనమును తొలుత ముఖమునకు పూసికొన్నది మన దక్షిణాది కన్యలే. ఎండ యెక్కువగా కాయు దేశము, చామనచాయ సహజమైన దేశము; ఆ దేశమునందే తెల్లదనము నమ్మి చూచిరి. అది అమ్ముడుపోయినది. నాటినుండి దేశమున తెల్లదనపు లేపనముల విపణిలో దానిదే అగ్రస్థానమై, ఏటా వేలకోట్ల రూపాయల వ్యాపారముగా పెరిగినది.

ఈ వృద్ధికి తోడ్పడిన యుపాయము చిన్న పొట్లము. పెద్ద గొట్టమును కొనలేని కూలిపిల్ల కొద్ది రూపాయల పొట్లమును కొనగలదు. బీదలకును మంచి వస్తువు అందుబాటులోనికి వచ్చినదని వర్తకశాస్త్రజ్ఞులు కొందరు దీనిని మెచ్చుకొనిరి. మంచి చేయుచునే లాభము గడింపవచ్చునను వాదమునకు ఈ లేపనము నొక దృష్టాంతముగా చూపిరి. మిషిగన్ విశ్వవిద్యాలయమునందలి అనీల్ కర్ణానీ 2007లో ఈ వాదమును పరిశీలించి యొక వ్యాసము ప్రకటించెను. కంపెనీకి లాభము కలిగినమాట నిజమేకాని, సమాజమునకు మేలు కలిగినదనుట నిజము కాదని యాయన తేల్చెను. అందుబాటులోనికి వచ్చినంత మాత్రమున వస్తువు మంచిది కానేరదు గదా! సారాయియు చిన్న పొట్లములలో అందుబాటులోనికి వచ్చిన కాలము మన తెలుగుదేశమున కలదు.

అందు నిజమెంత?

పక్షపాతము లేక చూచినచో, ఈ లేపనమునందు బొత్తుగా సారము లేదనుట సరికాదు. దానియందలి ముఖ్యద్రవ్యము నయాసినమైడ్, అనగా బి3 విటమినులో నొక రూపము. అది యేమి చేయునో తెలియుటకు ముందు చర్మపు రంగు పుట్టుక తెలియవలెను.

మన చర్మమునకు రంగు నిచ్చునది మెలనిన్ అను వర్ణద్రవ్యము. చర్మపు పైపొరకు అడుగున నుండు మెలనోసైటులను కణములు దానిని తయారుచేసి, మెలనోసోములను సూక్ష్మమైన సంచులలో నింపి, చుట్టుపట్లనున్న కణములకు పంచిపెట్టును. నల్లనివారి చర్మమునందును తెల్లనివారి చర్మమునందును వర్ణమును తయారుచేయు కణముల సంఖ్య ఇంచుమించు సమానమే. భేదమంతయు ఆ సంచుల పరిమాణమునందు, సంఖ్యయందు, అమరికయందు నున్నది. నయాసినమైడ్ మెలనిన్ తయారగుటను ఆపదు. తయారైన సంచులు పైకణములకు చేరుటను మాత్రము కొంతమేరకు అడ్డగించును. నూటికి 5 పాళ్లు నయాసినమైడ్ కలిపిన లేపనమును కొన్ని వారములు వాడినచో ముఖముపై మచ్చల నలుపు తగ్గినదని 2002లో బ్రిటిష్ చర్మవైద్య పత్రికయొకటి ప్రచురించిన పరిశోధన తెలుపుచున్నది. ఆ ప్రభావము శాశ్వతము కాదనియు, ద్రవ్యము తొలగగనే సంచుల రవాణా యథాప్రకారము సాగుననియు 2005లో వెలువడిన మరియొక పరిశోధన తెలుపుచున్నది.

కాబట్టి విషయమిది: ఈ ద్రవ్యము మచ్చలను కొంత పలుచన చేయగలదు. ఎండకాపు ద్రవ్యములు తోడైనచో ఎండకు కమిలిన నలుపును కొంత నివారింపగలదు. తల్లిదండ్రులనుండి సంక్రమించిన మేనిచాయను మార్చజాలదు. వాడుక మానిన పిదప ఫలము నిలువదు. పరిశోధనశాలయందు కొలచి పూసిన మోతాదు వేరు. సంతలో కొన్న పొట్లమును నలుగురు అక్కచెల్లెండ్రు పంచుకొని పూసికొను మోతాదు వేరు. తేమను నిలుపు సామాన్యమైన ముఖలేపనముగా దానికి గల యుపయోగమును మేము కాదనము. దానికి వచ్చిన కీర్తి యట్టి సామాన్యమైన యుపయోగమువలన వచ్చినదా? కానే కాదు.

లేపనము అమ్మినది, ప్రకటన అమ్మినది

ఈ లేపనపు ప్రకటనలలో నల్లని పిల్ల యెల్లప్పుడు విచారముతో నుండెడిది. ఆమెకు ఉద్యోగము రాదు, వరుడు దొరకడు, నలుగురిలో మాట చెల్లదు. లేపనము పూసికొనిన కొన్ని వారములకు ముఖము తెల్లబడును. దానితోపాటు ఉద్యోగము, వరుడు, గౌరవము వరుసగా నామె గుమ్మమును వెదకికొని వచ్చును. ఒక ప్రకటనయందు ఆదాయము చాలని తండ్రి తనకు కొడుకు లేకపోయెనే యని వాపోవును. ఆ మాట విన్న కూతురు లేపనము పూసికొని, తెల్లబడి, విమానములో ఉద్యోగము సంపాదించి, తండ్రిని పెద్ద హోటలుకు గొనిపోయి కాఫీ యిప్పించును. ఆడపిల్లకు చదువు కావలెనని ఆ ప్రకటన చెప్పలేదు. నేర్పు కావలెనని చెప్పలేదు. తెల్లదనము కావలెనని చెప్పినది. ఒక్క ప్రకటనలో రెండవమానములు: ఆడపిల్లయై పుట్టుట యొకటి, నల్లనిదై పుట్టుట మరియొకటి.

అఖిలభారత ప్రజాతంత్ర మహిళా సంఘము 2002లో దీనిపై ఉద్యమము నారంభించి జాతీయ మానవహక్కుల సంఘమువరకు ఫిర్యాదు గొనిపోయెను. 2003లో కేంద్ర సమాచార ప్రసార శాఖ కలుగజేసికొనగా ఈ లేపనపు ప్రకటనలు రెండు దూరదర్శినులనుండి తొలగినవి. ఆ సంవత్సరముననే కంపెనీ స్త్రీల విద్యకును ఉపాధికిని సాయపడుటకై లేపనపు పేరుననే యొక సంస్థను నెలకొల్పినది. ఒక చేతితో చిన్నబుచ్చి, మరియొక చేతితో విద్యార్థివేతన మిచ్చుట యెట్టి స్త్రీజనోద్ధరణమో పాఠకులే యూహింతురు గాక! చెన్నపట్టణమున కవితా ఎమ్మాన్యుయేల్ నెలకొల్పిన సంస్థ 2009లో ‘నలుపే సొగసు’ అను అర్థము వచ్చు నినాదముతో ప్రచారము నారంభించినది. నల్లనివారిని దీనులుగా, ఓడినవారుగా, ఆకర్షణ లేనివారుగా చూపరాదని ప్రకటనకర్తల స్వీయనియంత్రణ మండలి 2014లో నియమములు ప్రకటించినది. దుఃఖముతో నున్న ముఖములు ఆ పిమ్మట ప్రకటనలలో తగ్గినవి గాని, తెల్లదనపు బేరము తగ్గలేదు.

పేరు మారినది

2019లో కంపెనీ పెట్టెలపైనుండి నలుపు తెలుపుల జంట ముఖముల బొమ్మను, చాయల కొలబద్దను తొలగించినది. మరుసటి యేడు అమెరికాలో జార్జి ఫ్లాయిడ్ మరణానంతరము వర్ణవివక్షపై లోకమంతట ఆగ్రహజ్వాల రేగినది. 2020 జూన్ 25న కంపెనీ తన లేపనపు పేరునుండి ‘ఫెయిర్’ అను మాటను తీసివేయుదునని ప్రకటించి, జూలై మొదట క్రొత్త పేరును వెల్లడించినది. ఆ సందర్భమున కంపెనీ చెప్పిన మాట యొకటి శ్రద్ధగా గమనింపదగినది. ఈ లేపనము చర్మమును తెల్లబరచు మందు ఎన్నడును కాదని యది చెప్పినది.

అట్లయినచో, నలువదియైదు సంవత్సరములు ఆ పేరేల పెట్టితిరి? జంట ముఖముల బొమ్మ యేల వేసితిరి? చాయల కొలబద్ద నేల యిచ్చితిరి? తెల్లబరచు మందు కానిదానిని తెల్లబరచు నను పేరుతో అమ్ముటకు మన గ్రామ్యభాషలో నేమందురో కంపెనీవారికి తెలియకున్నను సంతలో చింతపండు తూచువానికి తెలియును. ఈ ఒక్క వాక్యముతో ఆ లేపనపు కీర్తి తనంతట తానే పరీక్షకు నిలిచి, తనంతట తానే తీర్పు చెప్పికొన్నది. పేరు మార్చినందుకు మేము సంతసింతుము. అది చేసిన పోరాటమునకు వచ్చిన ఫలమే. గొట్టపు రంగు గులాబీయే. ముఖముపై వెలుగు అను వాగ్దానము పాత వాగ్దానమునకు దగ్గరి చుట్టమే. నలువదియైదేండ్లు విన్న చెవికి ‘కాంతి’ యనగా నేమి వినబడునో అమ్మువారికిని కొనువారికిని తెలియును.

వెనుక వచ్చు విషములు

ఇంతవరకు చెప్పినది ఈ లేపనమును గూర్చి. దీనివలన నెవరి ముఖమును కాలిపోయినదని మేమనుట లేదు. ఈ కీర్తి తెరచిన త్రోవను వెంబడించి వచ్చినవానిలో మాత్రము ప్రమాదకరములైనవి కలవు. తెల్లదనముపై కోరిక నాటబడిన పిమ్మట, మెల్లగా పనిచేయు లేపనముతో తృప్తిపడనివారు వేగముగా పనిచేయుదానిని వెదకుదురు. మందుల దుకాణములలో స్టెరాయిడు లేపనములు ఆ కోరికను తీర్చుటకు సిద్ధముగా నుండును. మొదట ముఖము తెల్లబడినట్లే యుండును. తరువాత చర్మము పలుచబడి, ఎఱ్ఱబడి, మొటిమలు లేచి, ఎండ తగిలిన మండును. మానిన మరింత మండును. చర్మవైద్యుల సంఘము పలుమారు మొరపెట్టగా, 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకముల స్టెరాయిడ్లు గల పైపూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని యుత్తరువు చేసినది.

ఇంతకన్న ఘోరమైనది పాదరసము. మెలనిన్ తయారగుటను పాదరసము అడ్డుకొనును. చర్మముగుండా రక్తమున జొచ్చి మూత్రపిండములను చెరచును. కేరళలో మలప్పురము జిల్లాలోని కొట్టక్కల్ వైద్యులు 2021 జూలై మొదలు 2023 సెప్టెంబరు వరకు ఒకవిధమగు మూత్రపిండవ్యాధితో వచ్చిన 22 మందిని పరీక్షించిరి. వారిలో 15 మందికి అరుదైన యొక లక్షణము కానవచ్చినది. ఆ 15 మందిలో 13 మంది తెల్లదనపు లేపనములు వాడినవారే. తయారించినవాని పేరు, ఊరు లేని లేపనములు ఇట్టి యనర్థములకు ముఖ్యమైన ద్వారములు. అలంకారద్రవ్యములలో పాదరసము కలుపరాదని మన 2020 నాటి నియమములు చెప్పుచున్నవి. యాదృచ్ఛికముగా చేరినను పది లక్షలకు ఒక పాలు మించరాదని విధించుచున్నవి. కంటికి పూయువానికి మాత్రము వేరు పరిమితి కలదు. నియమము పుస్తకమున నున్నది. సంతలో పొట్లము వ్రేలాడుచున్నది. ఈ రెండింటి నడుమ నడువవలసినవాడు తనిఖీ అధికారి.

ప్రకటనల విషయమునను ఇట్లే. మాయామందుల ప్రకటనలను నిషేధించు 1954 నాటి చట్టమును సవరించి, చర్మమును తెల్లబరతుమను ప్రకటనలనుగూడ అందు చేర్పవలెనని 2020 ఫిబ్రవరిలో కేంద్రము ముసాయిదా వెలువరించినది. మొదటి తప్పునకు రెండేండ్ల వరకు చెఱ, పది లక్షల వరకు జరిమానా. మరల చేసినచో అయిదేండ్ల చెఱ, ఏబది లక్షల జరిమానా. ముసాయిదా ఘనమైనదే, అది శాసనముగా మారుటలో ఆ వేగము కానరాలేదు. ఢిల్లీలో వినియోగదారుడొకడు పురుషుల తెల్లదనపు లేపనమొకటి చెప్పినట్లు పనిచేయలేదని 2013లో వ్యాజ్యమాడెను. ఆ లేపనము ఇమామీ కంపెనీది. 2024 డిసెంబరులో వినియోగదారుల న్యాయస్థానము ఆ కంపెనీపై 14.5 లక్షల రూపాయల దండుగ విధించినది. వస్తువు వెల 79 రూపాయలు. న్యాయమునకు పట్టిన కాలము పదునొకండు సంవత్సరములు. రాజధానీనగరవాసికే యింత కాలము పట్టినచో, సీతంపేట కొండపై సవరపిల్ల యెచ్చటికి పోయి వ్యాజ్యమాడును?

కొండపై నలుపు

ఇప్పుడా పిల్ల విషయమే చెప్పుదము. 2022 ఏప్రిలు 4న శ్రీకాకుళము జిల్లానుండి విడివడి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఈ మండలమున సవరలు, జాతాపులు ముఖ్యులు. వారి స్త్రీలు పోడుచేలలో ఎండకు వంగి పనిచేయుదురు. కట్టెలు, చీపుళ్లు, పండ్ల తట్టలు తలపై నెత్తుకొని కొండలు దిగుదురు. మెలనిన్ అట్టివారికి ప్రకృతి యిచ్చిన గొడుగు. సూర్యకిరణములలోని చెరుపు చర్మకణముల లోపలికి పోకుండ అది కాపాడును. చర్మమునకు వచ్చు రాచపుండునుండి రక్షించుటలో దానికి గొప్ప పాత్ర కలదు. ఎండలో నిలుచుదానికి గొడుగు తీసివేయుమని చెప్పుట యెట్టి హితబోధ?

అలంకారమే వద్దని మేమనుట లేదు. సవరస్త్రీలకు అలంకారము మైదానమువారు నేర్పవలసినది కాదు. పూర్వతరముల స్త్రీల నుదుటిపై పచ్చబొట్టు, పెద్ద కమ్మలకు సాగిన చెవితమ్మెలు, మెడనిండ పూసలు వారి జాతికి గుర్తులు. పసుపు వారి చేలలోనే పండును. నేటి పిల్లలు పచ్చబొట్టు వద్దన్నచో అది వారి యిష్టము. ఆ సూదుల బాధ మనము పడలేదు. అయినను ఒక భేదము మరువరాదు. ఆ పూస, ఆ బొట్టు ఉన్న దేహమునకు చేర్పు. ఈ లేపనపు ప్రకటన ఉన్న దేహముపై తీర్పు. పూసలదండ యెవరితోను ‘నీ మెడ సరిగా లేదు’ అనదు.

ఆశ్రమపాఠశాలలో చదువుకొను గిరిజనబాలిక యింటిని విడిచి వచ్చి, మైదానపు భాషలో చదువుచు, మైదానపు బొమ్మలను చూచుచు పెరుగును. పాఠ్యపుస్తకమునందు తనవంటి ముఖము అరుదు. ఫోనులోని తెరపై అంతకన్నను అరుదు. అట్టి వయసున ఆమెకు పొట్లముపై బొమ్మ యేమి బోధించునో చెప్పనక్కరలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పుటకు ముందు తామే సవరభాషను నేర్చుకొనిరి; వ్యాకరణమును రచించి 1931లో, నిఘంటువును కూర్చి 1938లో ప్రకటింపించిరి. కొండవానికి లోపమున్నదని గాక, అతనివద్ద నేర్వవలసినదున్నదని తలచి చేసిన పని యది. నేడు కొండకు చేరుచున్న ప్రకటనకు సవరభాష రాదు. సవరపిల్ల ముఖమున లోపమెంచుట మాత్రము వచ్చును.

మన యింటి మాట

దోషమంతయు కంపెనీపై నెట్టివేసి చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. కంపెనీ విత్తనము చల్లినది గాని, నేలను దున్నియుంచినవారము మనమే. నల్లని రాముని మ్రొక్కుదుము, నల్లని కృష్ణుని పాడుదుము. ద్రౌపదికి మేనిచాయనుబట్టి కృష్ణ యని పేరు పెట్టిన భారతమును పంచమవేదమందుము. ‘నలుపు నారాయణుడు మెచ్చు’ నని సామెత చెప్పుదుము. పెండ్లిచూపులనాడు మాత్రము నారాయణుని మెప్పు చాలదు; వరుని తల్లి మెప్పు కావలెను. ‘పిల్ల మంచిదే గాని కొంచెము రంగు తక్కువ’ యందుము. ఆ మాటలోని వింత చూడుడు! శాస్త్రమునుబట్టి నల్లనివారి చర్మమున వర్ణద్రవ్యమెక్కువ. మన నాలుకనుబట్టి రంగు తక్కువ. ఎక్కువైనదానిని తక్కువ యని పిలుచు అలవాటు ఈ లేపనముకంటె చాల పాతది.

తెల్లదొరల యేలుబడి దీనికి మరింత బలము నిచ్చినది. మనుష్యుల ముక్కులను కొలచి, చాయలను వ్రాసికొని, జాతులను మెట్లుగా పేర్చిన రిస్లీ, థర్‌స్టన్‌లవంటి అధికారుల గ్రంథములలో కొండజాతులకు దొరకినది క్రింది మెట్టే. దొరలు పోయిరి, కొలబద్ద మిగిలినది. మన తెలుగు చలనచిత్రములు ఆ కొలబద్దనే కథానాయికల యెంపికకు పట్టుచున్నవి. నల్లని పాత్ర కావలసినచో తెల్లని నటికి నలుపు పూసిన సందర్భములును కలవు. పెండ్లి ప్రకటనలు ప్రచురించు పత్రికలు, లేపనపు ప్రకటనలకు పుటలమ్ము పత్రికలు ఈ వర్తకమున భాగస్వాములే. పత్రికలు ఒక పుటలో సమానత్వమును బోధించి, మరియొక పుటలో తెల్లని వధువును కోరు ప్రకటనకు సొమ్ము పుచ్చుకొనుట పాఠకులు సహింపరాదు.

కడపటి మాట

‘కొనుమని యెవరును బలవంతము చేయలేదు, పిల్ల తన యిష్టమున తాను కొన్నది, వలదనుటకు మీరెవరు?’ అని యడుగువారుందురు. మేము ఆ స్వాతంత్ర్యమును గౌరవింతుము. లేపనము కొనిన పిల్లను నిందించు వాక్యమొకటియు మా కలమునుండి వెలువడదు. ఆమె తెలివితక్కువదై కొనలేదు. తెల్లనివారికి గౌరవము దక్కుట లోకమున కన్నులార చూచినది కాబట్టి కొన్నది. ఆమె లెక్క తప్పు కాదు. ఆమెకు ఆ లెక్క నేర్పిన లోకము తప్పు. మొదట భయమును అమ్మి, ఆ పిదప ఆ భయమునకు మందు నమ్మినచోట, కొనువాని యిష్టము నిజమైన యిష్టము కాదు.

కనుక మా తీర్పు చెప్పవలసినచో నిట్లు చెప్పుదుము. ఫెయిర్ అండ్ లవ్లీ సామాన్యమైన ముఖలేపనముగా సామాన్యమైనది. మచ్చలకు కొంత పనిచేయగలది. తాను తెచ్చుకొన్న కీర్తికి మాత్రము తగినది కాదు. ఎందుకనగా ఆ కీర్తి తెల్లదనమను వాగ్దానముపై కట్టబడినది, ఆ వాగ్దానమును అది నెరవేర్పలేదు, నెరవేర్పజాలదు.

చేయవలసిన పనులు స్పష్టములు. తయారించినవాని పేరు, ఊరు, లైసెన్సు సంఖ్య లేని లేపనములను ఏజెన్సీ సంతలలో తనిఖీ చేసి స్వాధీనపరచుకొనవలెను. స్టెరాయిడు గొట్టములను చీటీ లేక అమ్ము దుకాణములపై చర్య గొనవలెను. తన లేపనమున నే ద్రవ్యము నూటికెన్ని పాళ్లున్నదో పెట్టెపై తెలుగులో, ఒడియాలో అచ్చువేయుమని కంపెనీని కోరవలెను. సీతంపేట సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ తన పరిధిలోని బాలికల పాఠశాలలలో మెలనిన్ అననేమో, అది యెందుకున్నదో ఒక్క పాఠము చెప్పించిన చాలును. అది విజ్ఞానశాస్త్రపు పాఠమే గాని నీతిబోధ కానక్కరలేదు. ఎండకు కమిలినను మచ్చలు లేచినను పొట్లమును గాక వైద్యుని చూడవలెనని ఉపాధ్యాయినులు చెప్పవలెను.

కొండస్త్రీ పసుపు తెచ్చినప్పుడు మైదానపు వర్తకుడు దానిని విరిచి చూచి, రంగు బాగుగా నున్నదని మెచ్చి కొనును. ఆమె తిరిగి కొనునప్పుడును అట్లే విరిచి చూచు హక్కు ఆమెకు కలదు. ఆ హక్కును ఆమెకు తెలియజెప్పుట మైదానమున చదువుకొన్నవారి విధి; అది చేయకున్నచో పొట్లములు దండలుగా వ్రేలాడుచునే యుండును.